పాతికడుగుల గీత

తెక్కలకోట నుంచి ఫోను వచ్చినప్పుడు నేను జొన్న రొట్టె తడుతున్నాను. నా చేతులకు పిండి ఉంది కాబట్టి మా ఆయనే ఎత్తాడు. అవతలి మాట విని "ఊ" అన్నాడు. మళ్ళీ "ఊ" అన్నాడు. ఆ తర్వాత ఫోను తెచ్చి నా చెవికి ఆనించి పట్టుకున్నాడు. మాట్లాడుతున్నది సారు భార్య. సారు పోయాడట. గుండె ఆగిందట. అంతకు ముందు రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడట.

"పడుకోబెట్టినంక గూడా పైకే జూస్తాండెనక్కా," అంది ఆమె. "ఏం గావల్ల అని అడిగితే, ఈ గదికి కిటికీ యాపక్క ఉండాది అన్నాడు. అంతే. మళ్ళ మాట్లాడలేదు."

"యాపక్క ఉండె?" అని అడిగాను.

"పడమరకు."

పడమటి కిటికీ, అందులో ఈ ఎండల్లో. సారుకు అది నచ్చి ఉండదు.

మా ఇంటి వీధి గదిలో ఆయన రెండేళ్ళు అద్దెకు ఉన్నాడు. పేరు ఉంది, మేము ఎప్పుడూ వాడలేదు. కట్టడం పని చేయించేవాళ్ళను మా బ్రూస్‌పేటలో సారు అంటారు, మేమూ సారు అన్నాం. ఆయన నన్ను మొదటి వారం అమ్మా అన్నాడు. రెండో వారం నా వయసు అడిగి, తనకంటే ఆరేళ్ళు పెద్దదాన్నని తేల్చుకుని అక్కా అన్నాడు. దాంతో మా ఆయన ఎవరూ అడగకుండానే బావ అయిపోయాడు.

గది చూడటానికి వచ్చేవాళ్ళు మా పక్క ముందు నీళ్ళ సంగతి అడుగుతారు. ఎన్ని రోజులకొకసారి వస్తాయి, ఎంతసేపు వస్తాయి, తొట్టి ఎవరిది, మోటారు ఎవరిది. ఈయన గడప దాటి వచ్చి, మనుషులం ఇద్దరం నిలబడి ఉన్నా మమ్మల్ని చూడలేదు. తలెత్తి మిద్దెను చూశాడు. మాది పాతకాలపు మట్టిమిద్దె. నడి ఇంట్లో పైకప్పుకు మూరెడు వెడల్పున గవాచి ఉంది, వెలుతురు దిగడానికి, పొగ పోవడానికి. వాన వస్తే దాని మీద బండ జరుపుతాం. ఆయన దూలాలు చూశాడు, గవాచి చూశాడు, మళ్ళీ దూలాలు చూశాడు. ఆయన పైకప్పును చూస్తూ ఉన్నాడు, మేము ఆయన్ను చూస్తూ ఉన్నాం.

"ఏం సారూ, పడిపోతాదేమోనని జూస్తాండావా?" అన్నాడు మా ఆయన.

"మీద మట్టి ఎప్పుడేసినారు?"

"వానకాలం ముందర ఏటేటా చౌడు వేస్తాం గదప్పా. లేకుంటే కారదా?"

"యాడిది చౌడు?"

"ఊరి బయటిది. బండ్లో తెస్తారు."

ఆయన నడుముకు తగిలించుకున్న స్టీలు టేపును ఒకసారి తడుముకున్నాడు. "దగ్గరదే. పాయింటు," అన్నాడు. నీళ్ళ సంగతి అడగనే లేదు. గది తీసుకున్నాడు.

ఎవరింటికి పోయినా ఆయన తీరు అదే. ముందు పైకప్పు, తర్వాత మనిషి. పొగరు అనుకునేవాళ్ళు అనుకున్నారు. చావు ఇంటికి పోయినా పైకి చూసేవాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నాడని ఆ ఇంటివాళ్ళు అనుకున్నారు కాబట్టి సరిపోయింది.

ఆ పాయింట్ల సంగతి మాకు తర్వాత తెలిసింది. సండూరు రోడ్డులో ఒక కంపెనీ వాళ్ళు పెద్ద ఆఫీసు కడుతున్నారు. నేలకు, గాలికి, నీళ్ళకు చెరుపు చేయని కట్టడం అని దానికి బిరుదు తెచ్చుకోవాలని వాళ్ళ ఆశ. గ్రీన్ బిల్డింగ్ అంటారట. నీళ్ళు ఎంత మిగిల్చావు, కరెంటు ఎంత మిగిల్చావు, ఇటుక ఎంత దూరం నుంచి తెచ్చావు, అన్నిటికీ పాయింట్లు ఉంటాయి. ఆ పని చూసేవాడు దానికని పెట్టిన పరీక్ష పాసై కాగితం చూపించాలి. నూరు ప్రశ్నలు, రెండు గంటలు, బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చుని, అంతా ఇంగ్లీషులో.

ముప్పై ఏళ్ళు గోడలు లేపిన మనిషి ఆ పరీక్ష ఒకసారి రాసి తప్పాడు. కంపెనీ వాళ్ళు మర్యాదగానే చెప్పారట. ఇంకో రెండుసార్లు చూస్తాం, మూడోసారి కూడా రాకపోతే కాగితం ఉన్న చిన్నవాణ్ణి తెచ్చుకుంటాం, మీరు ఇంటి దగ్గర విశ్రాంతిగా ఉండండి అని. యాభై నాలుగేళ్ళకు, కూతురు ఇంకా కాలేజీలో ఉండగా, విశ్రాంతి అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆదివారం ఆదివారం బస్సెక్కి తెక్కలకోట పోయి భార్యనూ కూతురినీ చూసి వచ్చేవాడు. మూడోసారి ఆఖరన్న సంగతి వాళ్ళకు చెప్పలేదు. మాకు చెప్పాడు, అదీ రొట్టె తింటూ, ఇంకొంచెం మజ్జిగ పోయమని అడిగే గొంతుతో.

సారుకు మనసులో చదువుకోవడం రాదు. గట్టిగా చెబితే గానీ తలకెక్కదు. ఎదురుగా వినేవాళ్ళు ఉంటే గానీ గట్టిగా చెప్పలేడు. "గోడకు చెప్పుకుందామంటే, దాని మందం ఎంతుండాదా అని యోచన పోతాదక్కా," అనేవాడు. అట్లా నేను దొరికాను. పొద్దున ఆయన పనికి పోయే ముందు నేను చిక్కుడుకాయలు వలిచేదాన్ని, ఆయన వాన నీళ్ళను నేలలోకి ఇంకించడం గురించి చెప్పేవాడు. సాయంత్రం నేను బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని, ఆయన కరెంటు గురించి చెప్పేవాడు. నేను చదివింది మూడో తరగతి, అదీ కన్నడ బడి. కానీ చెవిలో పడింది పోదు. నా పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళలో ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో ఈ రోజుకీ చెప్పగలను. ఎవరూ అడగరు.

ఆయన చెప్పేటప్పుడు ఇంగ్లీషు మాట వస్తే గొంతు తగ్గించేవాడు, రోగి పడుకున్న గదిలో మాట్లాడినట్టు. దాని తెలుగు అర్థం మాత్రం వీధికి వినపడేట్టు చెప్పేవాడు.

మా ఆయన జీన్సు ప్యాంట్ల కటింగ్ మాస్టరు. బట్ట మీద పెట్టి గీసుకునే అట్టలు పాతబడితే ఇంట్లో ఒక మూల పడి ఉంటాయి. సారు వాటిని అడిగి తీసుకుని ఒక్కో అట్ట మీద ఒక్కో ప్రశ్న రాసుకున్నాడు. "పారేసేదాన్ని మళ్ళా వాడితే పాయింటు బావా," అన్నాడు. కాబట్టి సారు చదువు అంతా వెనక జేబు ఆకారంలో, ముందు జేబు ఆకారంలో, నడుంపట్టీ ఆకారంలో ఉండేది. నాకు ఇంగ్లీషు అక్షరం రాదు, ఆకారం వచ్చు. వెనక జేబు అంటే వాన నీళ్ళు. ముందు జేబు అంటే కుళాయి నీళ్ళు. కాలి అంచు అంటే చెత్త. నేను అట్ట చూపిస్తే ఆయన ప్రశ్న తెలుగులో చదివి జవాబు చెప్పాలి. తప్పితే నేను చెప్పేదాన్ని. ఒకసారి వరసగా ఏడింటికి నేనే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అక్కా, నువ్వు పోయి రాస్తావా?" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

ఎంత చెప్పినా రెండు రోజులకు ఆయనకు జారిపోయేవి. అప్పుడు నేను నా పద్ధతి చెప్పాను. నాకు ఏ సంగతైనా ఇంట్లో ఒక చోట పెట్టుకోవడం అలవాటు. మా నాయన చెప్పినవి రోటి దగ్గర, మా అత్త తిట్టినవి పొయ్యి దగ్గర, పిల్లల పుట్టినరోజులు తలుపు మూలన. కావాల్సినప్పుడు అక్కడికి పోయి తెచ్చుకుంటాను.

"ఒట్టి తలకాయలో పోసుకుంటే యాడ నిలుస్తాది సారూ? సామాను మాదిరి. దేని తావు దానికుండల్ల."

సారుకు అది నచ్చింది. ఆ వారమంతా ఇద్దరం ఇల్లు తిరిగి చదువును సర్దాం. వాన నీళ్ళు, మిద్దె మీది నీళ్ళు కిందికి జారే దోనె కింద. కుళాయి నీళ్ళు తొట్టి దగ్గర. పగటి వెలుతురు గవాచి కింద. గోడ మందం దేవుని గూటి దగ్గర, ఎందుకంటే అక్కడే గోడ రెండు మూరలు ఉంటుంది. దూరం నుంచి తెచ్చిన సామాను, దగ్గర నుంచి తెచ్చిన సామాను వంటింట్లో. ఎమ్మిగనూరు నుంచి మా చిన్నాయన పంపే బియ్యం దగ్గర పాయింటు ఉంది, ఇంగువ డబ్బా దగ్గర లేదు. కట్టడం అయిపోయాక అన్నీ చెప్పినట్టు పని చేస్తున్నాయా లేదా అని పరీక్ష చేసే పనికి ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరు ఉంది. చౌడు వేసినాక మిద్దె మీద రెండు బిందెల నీళ్ళు పోసి, కింద నిలబడి కారుతుందేమో చూస్తాం కదా, అది అక్కడ పెట్టుకో అన్నాను. పెట్టుకున్నాడు. పనిలో పనిగా మా కుళాయి మూతికి చిన్న జల్లెడ బిగించాడు. నీళ్ళు సగమే వస్తాయి, నురుగు కట్టుకుని నిండుగా కనపడతాయి. మోసం కాదా అని అడిగితే, కాదు, పాయింటు అన్నాడు.

ఆయన ఎప్పుడూ అనే మాటలు రెండు. ఒకటి, "దీనికి పాయింటు లేదక్కా, తప్పనిసరి." కొన్ని పనులకు పాయింట్లు ఇవ్వరట. చేసినందుకు మెప్పు లేదు, చేయకపోతే మాత్రం మిగతా పాయింట్లు ఎన్ని ఉన్నా గడప లోపలికి రానివ్వరట. సారు ఈ మాటను కట్టడాలకే ఉంచలేదు. ఆదివారం ఊరికి పోయి రావడం తప్పనిసరి. పిలిచిన ఇంట్లో ఒక ముద్దైనా తినడం తప్పనిసరి. రెండో మాట, "ఒక్కరోజు చేసి చూపిస్తే లెక్క గాదు. ఏడాది నడిచినట్టు చూపల్ల." మా కోడలు పొద్దున్నే నడక మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే అన్నాడు. ఆమె నాలుగో రోజు మానేసింది.

ఇంట్లో అన్నిటికీ చోటు దొరికింది, ఒక్క అట్టకు తప్ప. అది నడుంపట్టీ ముక్క, సన్నగా పొడుగ్గా ఉండేది. దాని మీద రాసింది పొగ సంగతి. కట్టడం లోపల ఎవరూ పొగ తాగకూడదు, తాగితే వాకిలికి పాతిక అడుగుల అవతల. ఇది పాయింట్ల లెక్క కాదు. తప్పనిసరి.

మా ఆయన నలభై ఏళ్ళుగా నడి ఇంట్లో కంబానికి ఆనుకుని, గవాచి కింద కూర్చుని బీడీ తాగుతాడు.

"బావా, ఈ ఇల్లు అన్నిట్లో పాసు," అన్నాడు సారు ఒకరోజు. "నీ బీడీ తావున ఆగిపోతాండాది."

"పొగ పోయేదానికే గదప్పా మా తాత గవాచి పెట్టింది."

సారు న్యాయమైన మనిషి. అగరవత్తి తెచ్చి కంబం దగ్గర వెలిగించి పెట్టి, పొగ ఎటు పోతుందో చాలాసేపు చూశాడు. తిన్నగా గవాచిలోంచి బయటికి పోయింది. మా ఆయన చూడు అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"పోతాండాది, నిజమే," అన్నాడు సారు. "పుస్తకంలో గవాచి లేదు బావా."

"పుస్తకం రాసినోని ఇంట్లో లేకుంటే నేనేం జేద్దు?"

ఆ మాటతో అది అట్లాగే ఉండిపోయింది. ఆ అట్టను ఎక్కడ పెట్టాలో తెలియక సారు చేత్తో పట్టుకుని తిరిగేవాడు.

రెండోసారి పరీక్షకు పోయేటప్పుడు పెరుగన్నం కట్టి ఇచ్చాను. మర్నాడు సాయంత్రం వచ్చాడు. గడప దాటి పైకప్పు చూడలేదు. తిన్నగా నన్ను చూశాడు. నాకు అర్థమైపోయింది.

నీళ్ళు తాగి, టేపు తీసి పక్కన పెట్టి చెప్పాడు. ప్రశ్నలు చూస్తూ ఉంటే మా ఇల్లు ఒక్కో గది తెరుచుకుంటూ వచ్చిందట. వాన నీళ్ళకు మిద్దె దోనె, గోడకు దేవుని గూడు, టకటకా పోయాయట. ఆ తర్వాత ఏసీల ప్రశ్నలు వచ్చాయి, లిఫ్టు వచ్చింది, జనరేటరు వచ్చింది. ఇల్లంతా వెతికాడట.

"మీ ఇంట్లో అవి లేవు గదక్కా. యాడా పెట్టుకోలేదు. మంచం కింద గూడా జూసినా."

"నోటికి వచ్చుండె గదప్పా నీకు?"

"నోటికి ఉండె. తావు లేక జారిపాయె." పక్కన పెట్టిన టేపును మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇంగొకటి. ఆఫీసులో పొగ తాగేవాళ్ళను యాడ కూర్చోబెట్టల్ల అని అడిగినారు. నాలుగు జవాబులు. లోపల, గాలి పోయే సందు కింద అని ఒకటుండె. చూస్తానే బావ కనపడినాడు, కంబానికి ఆనుకోని. చెయ్యి దానంతటదే పోయి నొక్కింది."

మా ఆయన కంబం దగ్గర నుంచి అన్నాడు, "నూరు ప్రశ్నల్లో నన్ను ఒక్కదానికే తలుచుకుంటివా?"

"ఒక్కదానికే బావా. అదే తప్పు."

ఇద్దరూ నవ్వలేదు. ఆ రోజు సారు ఒకటిన్నర రొట్టె తిన్నాడు. మామూలుగా మూడు తినేవాడు.

ఇక మూడోసారి ఆఖరు. లేనివాటికి చోటు వెతకాలి. మా ఎదురింటి సావుకారుకు బట్టల అంగడి ఉంది. మూడంతస్తుల ఇల్లు, ముందంతా అద్దాలు, గదికొక ఏసీ, ముగ్గురు పట్టే లిఫ్టు. సారుకు ఆ ఇల్లు అంటే గిట్టదు. పడమటి ఎండకు అద్దం పెట్టి, ఆ వేడికి ఏసీ పెట్టినవాణ్ణి ఏమనాలక్కా అనేవాడు. అయినా అవసరం అవసరమే. రోజూ పొద్దున అట్టలు చేత్తో పట్టుకుని వీధిలో నిలబడి ఆ ఇంటిని కింద నుంచి మీదికి చూస్తూ, పెదవులు కదుపుతూ, మధ్యమధ్య టేపు తీసి గాలిలో చాపి చూసేవాడు.

నాలుగో రోజు సావుకారు కిందికి దిగి వచ్చాడు. ఆయన మూడో అంతస్తు మీద, అనుమతి లేకుండా, రేకులతో ఒక గది వేసుకున్నాడు. ఆ సంగతి వీధికంతా తెలుసు, సారుకు తప్ప.

"బన్ని సారూ, ఒళగె బన్ని," అని కన్నడంలో లోపలికి పిలిచాడు. "బయట నిలబడుకోని ఏం జూస్తారు? అంతా సూపిస్తా రండి."

సారు పరమ సంతోషంగా పోయాడు. కాఫీ ఇచ్చారట, వేరుశనగ చిక్కీ ఇచ్చారట. ఏసీలు చూపించారు, జనరేటరు చూపించారు, లిఫ్టులో రెండుసార్లు తిప్పారు.

"ఈ యంత్రం వేడిగాలి యాపక్క వదుల్తాదప్పా?" అని సారు అడిగితే, "పై గదికి వచ్చే నెల అర్జీ పెట్టుకుంటా సారూ," అన్నాడట సావుకారు.

"దీంట్లో పోసే గ్యాసు ఏది?"

"రేకులే సారూ, గోడలు గూడా గట్టలేదు. ఎప్పుడంటే అప్పుడు తీసేస్తా."

సారు వచ్చి ఇదంతా నాకు చెప్పి, మంచి మనిషే గానీ అడిగినదానికి జవాబు చెప్పడు అన్నాడు. నేను విషయం చెప్పలేదు. చెబితే సారు పోయి, నేను ఆఫీసరును కాదని ఒప్పుకుని వస్తాడు, లిఫ్టు పోతుంది.

ఇంకో రెండుసార్లు పోయాడు. ఆ తర్వాత ఒకరోజు పని నుంచి వచ్చి వీధిలోనే ఆగిపోయాడు. సావుకారు మనుషులు రేకుల గది విప్పి కిందికి దించుతున్నారు.

"అయ్యో," అన్నాడు సారు. "దాంట్లో నాలుగు అట్టలు పెట్టుకోనింటినక్కా."

ఆ నాలుగింటినీ జనరేటరు పక్కకు మార్చడానికి మూడు రోజులు పట్టింది.

మిగిలింది పొగ అట్ట. పరీక్షకు నెల ఉందనగా సారు మా ఆయన ముందు కూర్చున్నాడు, ఒక కాలు మడిచి.

"బావా, ఒక్క నెల. బయట తాగు. నాకు కంబం తావు ఖాళీ కావల్ల."

"నా ఇంట్లో నేను బీడీ తాగేదానికి బెంగళూరోళ్ళను అడగల్లనా?"

"అడగొద్దులే. నా కోసరం."

మా ఆయన చాలాసేపు బీడీని వేళ్ళ మధ్య దొర్లించాడు. చెడ్డవాడు కాదు. కానీ ఒకసారి కాదన్న మాటను వెనక్కి తీసుకోవడం ఆ వంశంలో లేదు. "మోకాళ్ళు నొప్పి," అన్నాడు. అది నిజమే. నిజం కాబట్టి సారు ఇంకేమీ అడగలేదు.

"పోనీ సుద్ద ఇయ్యి," అన్నాడు.

మా ఆయన బట్ట మీద గీసే నీలం సుద్ద ఇచ్చాడు, ఎందుకని అడగలేదు. సారు మా గడప దగ్గర టేపు కొస నన్ను పట్టుకోమని, వీధి దాటుకుంటూ పోయాడు. ఒక ఆటో ఆగి దారి ఇచ్చింది. పాతిక అడుగులు సరిగ్గా సావుకారు ప్రహరీ గోడ మూలకు వచ్చాయి. అక్కడ నిలువుగా జానెడు గీత గీశాడు. వానకు చెరిగిపోతుందని మేకుతో గీకి మళ్ళీ సుద్ద పట్టించాడు. ఆ గీత ముందు నిలబడి కళ్ళు మూసుకుని ఏదో సర్దుకున్నాడు. సావుకారు మేడ మీద నుంచి చూస్తూ ఉన్నాడు. తర్వాతి ఏడాది గోడకు సున్నం కొట్టించినప్పుడు, సర్కారు గుర్తు అనుకుని, ఆ గీతను తప్పించి కొట్టించాడు.

మూడోసారి పోయేటప్పుడూ పెరుగన్నమే కట్టాను. మార్చితే ఏమవుతుందోనని నాకు భయం. ఆ రెండు రోజులూ నేను రోటి దగ్గరికి పోయినా, తొట్టి దగ్గరికి పోయినా, ఇప్పుడు ఇక్కడికి వచ్చి ఉంటాడు అనుకుంటూ పక్కకు తప్పుకుని నడిచాను. మా కోడలు చూసి, అత్తకు కాలు బెణికిందేమో అనుకుంది.

రెండో రోజు సాయంత్రం వచ్చాడు. గడప దాటాడు, తలెత్తి దూలాలు చూశాడు, గవాచి చూశాడు, అప్పుడు మమ్మల్ని చూశాడు.

"వచ్చింది," అన్నాడు.

"ఏమొచ్చింది, బస్సా?" అన్నాడు మా ఆయన.

"కాగితం."

నేను బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టాను. తిన్నాడు. కూతురికి ఫోను చేసి పాసైన సంగతి చెప్పాడు, మూడోసారి ఆఖరన్న సంగతి అప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ ప్రశ్న మళ్ళా వచ్చె బావా. వేరే మాటల్లో. నువ్వు కంబం కాడనే ఉంటివి. నిన్ను లేపి, గడప దాటించి, సావుకారు గోడ కాడ నిలబెట్టినా."

"నేను పోయినానా?"

"మర్యాదగా పోయినావు. బీడీ గూడా ఆడనే ఆర్పినావు."

మా ఆయన ఆలోచించాడు. "అంత మంచోన్ని గాదప్పా నేను," అన్నాడు.

ఆఫీసు కట్టడం ముగిసేదాకా ఉన్నాడు. దానికి బిరుదు వచ్చిందట, వాకిట్లో గాజుపలక పెట్టారట. గది ఖాళీ చేసే రోజు పొద్దున ఒక పెద్ద అట్ట మా చేతికి ఇచ్చాడు, పూర్తి కాలు ఆకారంలో ఉన్నది. దాని మీద మా ఇంటికి పాయింట్లు వేశాడు, తెలుగులో, వరసగా. వాన నీళ్ళు, గోడ, గవాచి, చౌడు, ఎమ్మిగనూరు బియ్యం. కన్నడ అక్షరాల పోలిక పట్టుకుని నేను కూడబలుక్కుంటూ చదువుకుంటూ పోయాను. అన్నిటికీ వేశాడు. అట్ట చివర, చీలమండ దగ్గర రాశాడు: తప్పనిసరి ఒకటి లేదు. అర్హత లేదు.

"రెండేళ్ళు అన్నం తిని గూడా రాసేస్తివా సారూ?" అన్నాను.

"అన్నం తప్పనిసరి అక్కా, పాయింటు లేదు," అన్నాడు. గొంతు మాత్రం ఇంగ్లీషు మాట పలికినంత తగ్గిపోయింది.

మా ఆయన ఆ అట్టను తీసుకుని కంబానికి మేకు కొట్టి తగిలించాడు. ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు. "ఇల్లు పాసు గాలేదు. నా ఒక్కని వల్లనే," అంటాడు. ఏదో బహుమతి వచ్చినట్టు అంటాడు. సారు ఎప్పుడైనా ఇటు వస్తే అట్ట ఉన్నదా లేదా చూసి, కంబం కింద బూడిద ఉన్నదా లేదా చూసి, రెండూ ఉన్నాయని తల ఊపి కూర్చునేవాడు.

ఆ రోజు ఫోను పెట్టేశాక నేను మళ్ళీ రొట్టె తట్టాను. పిండి కలిపాక ఆగదు. మా ఆయన కంబం దగ్గర కూర్చున్నాడు. బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. తీశాడు. గవాచి కేసి చూశాడు. అప్పుడు కంబం పట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, మెల్లగా లేచాడు.

"యాడికి?" అన్నాను.

చెప్పులు వేసుకుని గడప దాటాడు. నేను పిండి చేతులతో వాకిట్లోకి వచ్చి చూశాను. వీధి దాటి పోయి, సావుకారు గోడ మూల, గీతకు వీపు ఆనించి నిలబడ్డాడు. జేబు తడుముకున్నాడు. అగ్గిపెట్టె కంబం దగ్గరే ఉండిపోయింది. మళ్ళీ వీధి దాటి వచ్చి, అగ్గిపెట్టె తీసుకుని, మళ్ళీ వీధి దాటి పోయి, గీత దగ్గర నిలబడి వెలిగించాడు.

సావుకారు మేడ మీద నుంచి తొంగి చూశాడు. "ఏం మాస్టరూ, ఈడ నిలబడినారు?"

"పని ఉండాది," అన్నాడు మా ఆయన.

బీడీ అయిపోయేదాకా నిలబడ్డాడు. అక్కడే ఆర్పాడు. లోపలికి వచ్చి రొట్టె పెట్టమన్నాడు. నేను వాకిట్లో ఉన్నంతసేపట్లో పెనం మీది రొట్టె ఒక పక్క మాడింది. మాడిందే తిన్నాడు.

కంబానికి అట్ట అట్లాగే ఉంది. చీలమండ దగ్గరి మాటను నేను కొట్టేయలేదు. నాకు ఆ అధికారం లేదు. పైగా ఒక్కరోజు చేసి చూపిస్తే లెక్క కాదు, ఏడాది నడిచినట్టు చూపాలి.

మా ఆయన బీడీకి వీధి దాటడం ఇవాళ్టికి పదకొండో రోజు.